ఆ రాత్రి లంగరు ఎందుకు జారింది?

గంజాం జిల్లాలో గోపాల్‌పూర్ దగ్గరి ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ రాయవద్దన్నారు. వాళ్లది తరాలుగా చేపలవేట మీద బతికిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, పిల్లల బడిలో ఒడియా. ఈయన కొన్నేళ్లు విదేశీ ఓడల్లో పనిచేసి ఇంటికి తిరిగొచ్చారు. అక్క భర్తతో చెరిసగం పెట్టుకుని 30 అడుగుల పాత తెరచాప పడవ కొన్నారు. చిన్న ఇంజను, పడుకోవడానికి చోటు, స్టవ్ ఉన్న పడవ. విశాఖలో ఉంచుతారు. చలికాలంలో భార్యాపిల్లలతో తీరం వెంబడి భీమిలి, కళింగపట్నం, బారువ మీదుగా సొంత ఊరిదాకా రావాలన్నది ఆయన కోరిక.

వాళ్ల నాన్నగారు బరంపురంలో కమ్మరి చేత కొట్టించిన నాలుగు కొక్కేల లంగరు ఇచ్చారు. 12 కిలోల బరువు, మూడు మీటర్ల గొలుసు, దానికి కట్టిన నీలం రంగు తాడు. పోయిన ఫిబ్రవరిలో కళింగపట్నం ఎదుట 8 మీటర్ల నీటిలో, గొలుసూ తాడూ కలిపి 30 మీటర్లు వదిలి, భార్యా ఆరేళ్ల కూతురుతో రాత్రి ఆగారు. సాయంత్రం దక్షిణపు గాలి. నడిరాత్రి ఒడ్డు నుంచి గాలి తిరిగింది. తెల్లవారుజామున మళ్లీ దక్షిణపు గాలి పెరిగింది, ఆగ్నేయం నుంచి కెరటమూ లేచింది. కెరటాలు విరిగే చప్పుడు దగ్గరగా వినిపిస్తోందని భార్య లేపితే లేచి చూశారు. లోతు చూపే మీటరులో నీరు నాలుగు మీటర్లకు వచ్చేసింది. ఇంజను ఒక్క పిలుపుకే అందుకుంది, బయటపడ్డారు.

ఇంటికొచ్చాక గొడవ మొదలైంది. ఒక పెళ్లింట్లో పదిమంది ముందు బావగారు "మామయ్య ఇచ్చిన ఆ కొక్కేల వల్లే పిల్ల ప్రాణం మీదికొచ్చింది" అన్నారు. నాన్నగారు "ముప్పై ఏళ్లు ఏసినాను ఇదే లంగరు, ఒక్కనాడైనా జారిందేటి?" అని లేచి వెళ్లిపోయారు. అప్పటినుంచి పడవ మాట ఎత్తరు, అల్లుడి ఇంటికీ వెళ్లరు. భార్య పడవ అమ్మేయమంటోంది. బావగారేమో ఖరీదైన విదేశీ లంగరు కొనేద్దాం అంటున్నారు. "ఏ లంగరు కొనాలి? నాన్నను ఎలా ఒప్పించాలి? ఆమె మళ్లీ పడవ ఎక్కుతుందా?" అని అడిగారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను: "లంగరు పైకి లాగితే ఒక కొక్కెం చుట్టూ తాడు మెలిక పడి ఉంది." ఆ రాత్రి ఏం జరిగిందో చాలావరకు ఈ వాక్యమే చెబుతోంది. మీ ఇంట్లో ముగ్గురూ పట్టుకుని కూర్చున్న మాటల కంటే దీనికే విలువ ఎక్కువ. అందుకే ముందు ఆ రాత్రి సంగతి తేల్చుకుందాం.

లంగరు పట్టు దాని బరువులో ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఇసుకలోనూ బురదలోనూ పడవను ఆపేది బరువు కాదు, భూమిలోకి దిగిన రెక్క. నాగలి కర్రులాగే, లాగుడు నేలకు సమాంతరంగా ఉన్నంతసేపు లంగరు లోపలికి దిగుతుంది. లాగుడు పైకి లేచిందంటే మొన కూడా పైకి లేస్తుంది. తాడు పొడుగ్గా వదలమనేదీ, లంగరు దగ్గర గొలుసు పెట్టమనేదీ ఈ కోణం కోసమే.

ఇక మీ లెక్క. 8 మీటర్ల నీటికి 30 మీటర్లు వదిలాం, దాదాపు నాలుగింతలు కదా అని రాశారు. కానీ తాడు నీటి మట్టం దగ్గర మొదలు కాదు, పడవ ముక్కు మీద నుంచి దిగుతుంది. మీ పడవకు ఆ ఎత్తు 1.2 మీటర్లు అనుకుందాం. మీరు ఆగింది నీరు దిగి ఉన్న వేళ అంటున్నారు కాబట్టి పోటుకు మరో 1.3 మీటర్లు పెరిగిందనుకుందాం. మొత్తం 10.5 మీటర్లు. దానికి మీ 30 మీటర్లు మూడింతలు కూడా కావు. మధ్యాహ్నం అన్నం తినడానికి, అందరూ మేలుకుని ఉండగా, గంటసేపు ఆగేటప్పుడు పనికొచ్చే కొలత అది. ఎక్కువ భాగం తాడే ఉన్నప్పుడు రాత్రికి ఏడింతలు కావాలి, అంటే 73 మీటర్లు. మొత్తం గొలుసే అయితే ఐదింతలు చాలంటారు, 52 మీటర్లు. మీ లోతు మీటరు నీటి పైనుంచి కొలుస్తుందో, పడవ అడుగున బిగించిన చోటి నుంచి కొలుస్తుందో కూడా చూసుకోండి. రెండోది అయితే ఆ 8 మీటర్లు నిజానికి ఇంకా ఎక్కువే.

రెండోది గాలి తిరగడం. సాయంత్రం దక్షిణపు గాలికి పడవ ఒకవైపు నిలిచింది. నడిరాత్రి ఒడ్డుగాలికి అటు తిరిగింది. తిరిగేటప్పుడు వదులైన తాడు లంగరు మీదుగా వెళుతుంది. నాలుగు కొక్కేల లంగరులో రెండు భూమిలో ఉంటే మిగతా రెండు పైకి నిలబడి ఉంటాయి. వాటిలో ఒకదానికి తాడు చుట్టుకుంది. తెల్లవారుజామున గాలి పెరిగి లాగేసరికి లంగరును దాని కాడ పట్టి కాకుండా కొక్కెం పట్టి లాగినట్టయింది. అలా లాగితే ఏ లంగరూ నిలవదు. పైగా గాలి వేగం రెండింతలైతే పడవ మీద పడే లాగుడు నాలుగింతలవుతుంది. సాయంత్రం నిక్షేపంగా నిలిచింది కదా అన్న భరోసా తెల్లారేసరికి పనికిరాకుండా పోయేది ఇందుకే.

మరి నాన్నగారి మాట అబద్ధమా? ముమ్మాటికీ కాదు. ఆయన ఆ లంగరు వేసింది ఎక్కడో ఆలోచించండి. మీకంటే చాలా తేలికైన పడవ. చేపలు దొరికే చోటు, అంటే నీటి కింద బండలున్న చోటు. పడవలో నలుగురైదుగురు మేలుకుని ఉంటారు. బండల సందులో కొక్కెం పట్టుకున్నట్టు ఇంకేదీ పట్టుకోదు. ఇరుక్కుపోతే గట్టిగా లాగినప్పుడు కొక్కెం వంగి బయటికొస్తుంది, ఇంటికెళ్లి సుత్తితో సరిచేసుకుంటారు. ఆ పనికి అది సరైన లంగరు. మీరు దాన్ని ఇసుక మీద, మూడు నాలుగు రెట్లు బరువైన పడవకు కట్టి, అందరూ నిద్రపోయే రాత్రికి వేశారు. ఇసుకలో ఆ సన్నటి కొక్కేలు గీతలు గీస్తాయి తప్ప పాతుకోవు. నాన్నగారు లంగరు ఇచ్చేటప్పుడు ఎక్కడ వేస్తావు అని అడిగారా, మీరు చెప్పారా అన్నది ఉత్తరంలో లేదు. బహుశా ఆ మాటే జరిగి ఉండదు.

కాబట్టి నాన్నగారిని "ఒప్పించడం" అన్న ఆలోచన పక్కన పెట్టమంటాను. ఆయన తప్పు చేశారని రుజువైతే కదా ఒప్పించాలి! మీ ముందు రెండు దారులున్నాయి. మీరొక్కరే వెళ్లి ఆయన పక్కన కూర్చుని తాడు లెక్క, మెలిక సంగతి చెప్పడం ఒకటి. "తాడు చాల్లేదు నాన్నా, అది నేను చూసుకోవాల్సింది" అన్న ఒక్క మాటతో ఆయన మనసు సగం కుదుటపడుతుంది. కానీ మాట పడింది పదిమందిలో, ఆ పదిమందికీ ఈ సంగతి తెలియదు. అల్లుడితో ఎడం అలాగే మిగలొచ్చు. రెండోది, బావగారిని కూడా కూర్చోబెట్టి అదే లెక్క ఆయనకు వివరించడం. ఆయన పిల్ల మీద భయంతో అన్నారు, మామ మీద కోపంతో అన్నట్టు నాకు అనిపించలేదు. అసలు కారణం తెలిస్తే ఆయనే వెళ్లి మాట్లాడొచ్చు. అయితే "క్షమాపణ చెప్పు" అని మీరు గట్టిగా పట్టుబడితే ఆ ఒత్తిడి చివరికి మీ అక్కగారి మీద పడుతుంది. లెక్క చెప్పండి, ఆపైన ఆయనకే వదిలేయండి. నేనైతే ముందు నాన్నగారి దగ్గరికి వెళతాను. బావగారి సంగతి వారం ఆగినా ఫర్వాలేదు.

వెళ్లినప్పుడు ఉత్త చేతులతో వెళ్లకండి, మీ తీరం మ్యాపు పట్టుకెళ్లండి. డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు వేసే చార్టుల్లో లోతుల పక్కన అడుగు ఇసుకా, బురదా, రాయా అని అక్కడక్కడ గుర్తులుంటాయి. కానీ బాహుదా మొగ దగ్గర, ఋషికుల్య మొగ దగ్గర ఇసుకదిబ్బలు ఏటేటా జరుగుతుంటాయి. ఎక్కడ బురద మొదలవుతుంది, ఎక్కడ వల చిరుగుతుంది, ఎన్ని బారల నీటిలో రాయి ఉంది అన్నది ఆయన వయసు వాళ్లకు తెలిసినంత ఏ చార్టుకూ తెలియదు. బుజ్జగింపు కోసం చెప్పడం లేదు. లంగరు ఎంపికలో మొదటి ప్రశ్న అడుగు ఎలాంటిదన్నదే. దానికి జవాబు మీ ఇంట్లోనే ఉంది. ఆయన చెప్పిన చోటును మీరే పరీక్షించుకోవచ్చు కూడా. సీసం గుండు అడుగున చిన్న గుంట చేసి, అందులో మెత్తటి సబ్బు నింపి, తాడుతో కిందికి దించి తీయండి. ఇసుకైతే రేణువులు సబ్బుకు అంటుకుని వస్తాయి, బురదైతే నల్లగా పూసుకుని వస్తుంది, రాయి అయితే సబ్బు నొక్కుకుపోయి శుభ్రంగా వస్తుంది. ఓడవాళ్లు ఎన్నో తరాలుగా ఇదే పని కొవ్వుతో చేసేవారు.

ఇప్పుడు కొనుగోలు. బావగారి మాటలో పస ఉంది, కానీ "విదేశీది" అన్న ఒక్క మాట చాలదు.

ఒక దారి, ఉన్న కొక్కేల లంగరుకే పది మీటర్ల గొలుసు, పొడుగు తాడు కలపడం. ఖర్చు తక్కువ. పగటిపూట కాసేపు ఆగడానికి ఇది చాలు. ఇసుక మీద రాత్రికి మాత్రం నేను ఒప్పుకోను. మెలిక పడే గుణం గొలుసుతో పోదు.

రెండోది, విశాఖ ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల దుకాణాల్లో వాకబు చేస్తే దొరికే రెండు పలకల లంగరు, డాన్‌ఫోర్త్ రకం. రెండో ప్రపంచయుద్ధంలో ఒడ్డుకెక్కిన సైనిక పడవలను వెనక్కి లాగడానికి వాడింది ఇదే. తక్కువ బరువుతో ఇసుకలో, బురదలో అద్భుతంగా పట్టుకుంటుంది, చదునుగా మడిచి పెట్టుకోవచ్చు. దీని లోపం మీకు సరిగ్గా తగిలే చోటే ఉంది. గాలి పూర్తిగా తిరిగినప్పుడు ఊడివచ్చి, ఒక్కోసారి మళ్లీ దిగదు. పలకల మధ్య గవ్వో రాయో ఇరుక్కుంటే అసలు తెరుచుకోదు. ఒడ్డుగాలి, సముద్రపు గాలి రోజూ తారుమారయ్యే మన తీరంలో రాత్రంతా దీని ఒక్కదాన్నే నమ్మడం కష్టం. రెండో లంగరుగా మాత్రం ఇంతకంటే మంచిది లేదు.

మూడోది, పారలాంటి గుంట రెక్క, వెనుక గుండ్రటి కడ్డీ ఉన్న కొత్త తరహా లంగరు. న్యూజిలాండ్‌లో 2004లో వచ్చిన రోక్నా ఈ రకానిదే. ఎలా పడినా ఆ కడ్డీ దాన్ని తిప్పి మొన మీద నిలబెడుతుంది. గాలి తిరిగితే చాలావరకు భూమిలోనే తిరుగుతుంది, ఊడినా త్వరగా మళ్లీ దిగుతుంది. మీ పడవకు 15 కిలోలది సరిపోతుంది, 20 అయితే నిశ్చింత. ఖరీదు, రవాణా, సుంకం కలిపి బరువే. బండల్లో ఇరుక్కుంటే పోగొట్టుకోవాల్సి రావచ్చు కూడా. అందుకే రాయి ఉన్న చోట నాన్నగారి కొక్కేల లంగరే వేయండి, వెనక్కి లాగడానికి దాని అడుగు భాగానికి సన్నతాడూ, ఆ తాడు కొసన నీటి మీద తేలే బుడ్డీ కట్టి.

ఫొటో చూపించి బరంపురం కమ్మరి చేతే ఈ రకం చేయిద్దామన్న ఆలోచన మీకు తప్పకుండా వస్తుంది, నాన్నగారికి నచ్చుతుంది కూడా. కాడకూ రెక్కకూ మధ్య కోణం, మొన దగ్గర బరువు, కాడ ఉక్కు గట్టితనం, ఈ మూడింట్లో ఏది తేడా వచ్చినా చూడ్డానికి అలాగే ఉంటుంది, పట్టు మాత్రం ఉండదు. పక్క నుంచి లాగుడు పడితే మెత్తటి ఉక్కు కాడ వంగిపోతుంది. పిల్ల నిద్రపోయే పడవకు వద్దు.

గొలుసు విషయంలో పిసినారితనం చేయకండి. 8 మిల్లీమీటర్ల గాల్వనైజ్డ్ గొలుసు మీటరుకు సుమారు 1.4 కిలోలు తూగుతుంది. 30 మీటర్ల గొలుసు, దాని వెనుక 50 మీటర్ల నైలాన్ తాడు అన్నది మీ అవసరానికి మంచి కలయిక. చేత్తో లాగగలమా అని సందేహం వద్దు. 8 మీటర్ల నీటిలో చివరికి వేలాడేది తొమ్మిది మీటర్ల గొలుసు, లంగరు, 15 కిలోలదైతే రెండూ కలిపి 28 కిలోలకు మించదు. భూమిలోంచి ఊడదీయడం ఇంజను చేస్తుంది. గాలి బాగా పెరిగాక మాత్రం గొలుసు కూడా బిగిసి తిన్నగా సాగిపోతుంది, అప్పుడు దాని బరువు సాయం చేయదు. ఆ కుదుపులను మింగేది సాగే నైలాన్ తాడే.

ఇక్కడే మీ నీలం తాడు మీద నాకు అనుమానం. మన దుకాణాల్లో నైలాన్ అని అమ్మేదంతా నైలాన్ కాదు. మూరెడు ముక్క కోసి బకెట్ నీళ్లలో వేయండి. నైలాన్ మునుగుతుంది. తేలిందంటే అది పాలీప్రొపిలీన్ లాంటిది. అది పెద్దగా సాగదు, ఎండకు పెళుసెక్కుతుంది, నీటి మీద తేలి మీ ప్రొపెల్లరుకో పక్క బోటు ప్రొపెల్లరుకో చుట్టుకుంటుంది. వలకు మంచిదే, లంగరుకు పనికిరాదు.

మీ భార్య సంగతి. ఆ రాత్రి కెరటాల చప్పుడు మారిందని పసిగట్టింది ఆవిడ ఒక్కరే. ఫోన్ కనిపెట్టలేదు, మీరు కనిపెట్టలేదు. ఆవిడ భయాన్ని పోగొట్టాలని చూడకండి, అది సబబైన భయం. పడవ అమ్మేయడం కూడా ఒక దారే. నష్టానికి పోతుంది, బావగారి వాటా తేల్చాలి, మీ మనసులో లోటు ఉండిపోతుంది, కానీ ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. అమ్మకుండా ఆవిణ్ణి ఒడ్డునే ఉంచి మీరూ బావగారూ తిరగడం ఇంకో దారి. మీ ఉత్తరమంతా భార్యాపిల్లలతో వెళ్లాలన్న కోరికే ఉంది కాబట్టి అది మీకే ఎక్కువకాలం నచ్చదు. ఆవిడతో చెప్పకుండా లంగరు కొని తెచ్చి "ఇక భయం లేదు" అనడం మాత్రం చేయకండి. ఇన్ని వేలు పోశాక వద్దనలేని ఇరుకులో ఆవిణ్ణి పెట్టినట్టవుతుంది.

నాకు తోచింది చెబుతాను, నచ్చితే చేయండి. పిల్లను అమ్మమ్మ దగ్గర వదిలి, గాలి తక్కువున్న ఒక పగలు భీమిలి ఎదుట ఉత్త సాధన కోసం లంగరు వేయండి. చుక్కాని ఆవిడ చేతికివ్వండి, మీరు ముక్కు దగ్గర ఉండండి. కేకలు వద్దు, చేతి సైగలు ముందే అనుకోండి. గాలికి ఎదురుగా వచ్చి పడవను పూర్తిగా ఆపాక లంగరును నేలకు తగిలేదాకా దించండి. గొలుసంతా కుప్పగా దాని మీద పోయకండి. పడవ వెనక్కి జరుగుతుండగా కొద్దికొద్దిగా వదలండి. మూడింతలయ్యాక ఒకసారి బిగబట్టండి, మొన దిగనివ్వండి, తర్వాత మిగతాది. చివర్లో ఇంజను రివర్స్‌లో నెమ్మదిగా పెంచండి. అప్పుడు ఆవిణ్ణి ముందుకు పిలిచి బిగిసిన గొలుసు మీద పాదమో అరచెయ్యో ఆనించమనండి. పట్టుకుని ఉంటే నిలకడైన బిగువు తెలుస్తుంది. జారుతుంటే కటకటమని చిన్న కుదుపులు వస్తాయి. ఒకసారి కావాలనే తాడు తక్కువ వదిలి లంగరును జారనిచ్చి ఆ కుదుపు ఆవిడకు చూపించండి. ఒక్కసారి తెలిస్తే చీకట్లోనూ తెలుస్తుంది.

ఒడ్డున ఒకదాని వెనుక ఒకటి వరుసగా కనిపించే రెండు గుర్తులు చూసుకోండి, తాటిచెట్టూ గుడి గోపురమూ లాంటివి. అవి విడిపోతే పడవ కదిలినట్టు. రాత్రికి దీపాలు. లంగరు చుట్టూ గీసిన వృత్తాన్ని పడవ దాటితే మోగే జీపీఎస్ అలారం ఫోన్‌లో పెడితే లంగరు నేలను తాకిన క్షణంలో ఆ చోటు గుర్తు పెట్టండి, వెనక్కి జరిగాక పెడితే వృత్తం తప్పుగా వస్తుంది. పడుకునేముందు పైన చుట్టూ కనిపించే తెల్లదీపం వెలిగించడం మరవకండి. మన వేటబోట్లు తెల్లవారకముందే బయల్దేరతాయి. పగలైతే ముందు భాగాన, లంగరు వేసి ఉన్నామని తెలిపే నల్ల గోళం.

ఆవిడ ఎక్కడైనా "ఇక్కడ వద్దు" అంటే వాదన లేకుండా అక్కడ రాత్రి ఆగకూడదని మీ ఇద్దరి మధ్య ఒప్పందం ఉండాలి. దాని వల్ల కొన్ని రాత్రులు మీరు ఆగకుండా ప్రయాణం చేయాల్సి వస్తుంది. అది నష్టం కాదు. ఎందుకంటే ఏ లంగరు కొన్నా మారని సంగతి ఒకటుంది: భీమిలి నుంచి గోపాల్‌పూర్ దాకా మీరు రాసిన చోట్లన్నీ అడ్డులేని బయటి సముద్రమే. గాలిని అడ్డుకునే కొండచరియ ఒకటో రెండో ఉన్నా, ఆగ్నేయపు కెరటాన్ని ఆపే మూల లేదు. ఇక్కడ రాత్రి ఆగడం వాతావరణం ఇచ్చే అనుమతి మీదే ఆధారపడి ఉంటుంది. బయల్దేరే ముందు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే కెరటాల సూచన చూడండి, గాలి ఒక్కటే చూస్తే సరిపోదు. కెరటం ఆగ్నేయం నుంచి పెరుగుతుందని ఉంటే ఆగకుండా ఒడ్డుకు దూరంగా ప్రయాణం కొనసాగించండి, లేదా విశాఖలోనే ఉండిపోండి. అక్టోబరు, నవంబరు మాట అసలే వద్దు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటింది. అలాంటి గాలికి లంగరు వేసి పడవలో కూర్చునే ప్రశ్నే లేదు.

పిల్లతో నీటి మీద గడపడమే మీకు ముఖ్యమైతే ఈ ఏడాదికి ఇంకో మార్గం కూడా ఉంది. మీకు దగ్గర్లోనే రంభ వైపు చిలికా. లోతు తక్కువ కాబట్టి మీ పడవ అక్కడికి రాదు, కానీ చిన్న తెరచాప పడవ చాలు. నాన్నగారు, పిల్ల, ఆవిడ అందరూ ఎక్కొచ్చు. అక్కడ అడుగు బురద, కలుపు. సముద్రంలో లంగరు వేయడానికి అది పూర్తి సాధన కాదు, కెరటం అలవాటు కాదు. ఆవిడకు నీటి మీద మళ్లీ ధైర్యం రావడానికి మాత్రం ఒక ఏడాది బాగా ఉపయోగపడుతుంది. పెద్ద పడవ ఖర్చు ఆ ఏడాదీ తప్పదు, అది బావగారితో ముందే మాట్లాడుకోండి.

మీరు ఏ దారి పట్టినా, గొలుసు కొనేముందు ముక్కు దగ్గర గొలుసు దొర్లే రోలరు వెడల్పు, దాన్ని బిగించిన బోల్టుల కింద చెక్క కుళ్లిందో లేదో చూడండి. పాత పడవల్లో లంగరు నిలిచి బోల్టులు ఊడివచ్చిన సందర్భాలున్నాయి. గొలుసునూ లంగరునూ కలిపే ఇనుప కొలికి, అంటే షాకిల్, దాని మేకు తిరిగిపోకుండా స్టీలు తీగతో కట్టండి. గొలుసు, తాడు చివరను పడవ లోపల గట్టి చోట కట్టండి, కానీ ఇనుప బోల్టుతో కాదు, డెక్ మీదికి అందేంత పొడవున్న తాడుతో. కెరటాలు విరిగే చోటికి మళ్లీ ఎప్పుడైనా జరిగితే లంగరు లాగుతూ కూర్చోకుండా చాకుతో ఒక్క వేటు వేసి వెళ్లిపోవచ్చు. ఆ చాకు ఎక్కడుందో ఆవిడకూ తెలియాలి. కోస్ట్‌గార్డ్ నంబరు 1554 అని కూడా దాని పక్కనే రాసి అంటించండి.